పుస్తకాలున్నాయి.. వెతికిపెట్టేవారేరీ?

కళాశాల గ్రంథాలయాల్లో విద్యార్థులకు కొరవడుతున్న మార్గదర్శనం
జర్నళ్లకు రూ.వేల కోట్లు.. దారి చూపే ఏర్పాటు అంతంతే

కొలిమిగుండ్ల: నాపరాతి గనులు, బెలుం గుహలు, సిమెంటు పరిశ్రమ.. కొలిమిగుండ్ల మండలానికి గుర్తింపు తెచ్చినవన్నీ ఈ నేలలోని సున్నపురాతి చలవే. ఆ రాతి గురించి శాస్త్రవేత్తలు నూటయాభై ఏళ్లకు పైగా రాస్తూనే ఉన్నారు. అదే రాతి నడుమ పుట్టి పెరిగిన విద్యార్థి డిగ్రీలో దానిపై ప్రాజెక్టు నివేదిక రాయాల్సి వస్తే మాత్రం ఆధారాల కోసం దిక్కులు చూడాల్సి వస్తోంది. పుస్తకం లేక కాదు.. అది ఎక్కడుందో, ఏ పేరుతో వెతకాలో, ఎలా ఇంటికి తెచ్చుకోవాలో చెప్పేవారు లేక. గ్రామీణ కళాశాలల గ్రంథాలయాలకు నేడున్న అసలు కొరత ఇదే. కొనుగోళ్ల లెక్క చూసి సంతృప్తి పడుతున్నంత కాలం ఈ కొరత బయటకు కనిపించదు.

ఊళ్ల పేర్లే శాస్త్ర పదాలు

భూగర్భ శాస్త్రంలో ‘కర్నూలు సముదాయం’గా పిలిచే శిలా శ్రేణి ఉంది. అందులోని పొరల పేర్లు వింటే ఈ ప్రాంత బస్సు మార్గం గుర్తుకొస్తుంది. బనగానపల్లె క్వార్ట్‌జైట్‌, నార్జి సున్నపురాయి, అవుకు షేల్‌, పాణ్యం క్వార్ట్‌జైట్‌, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్‌.. ప్రపంచంలో ఎక్కడ ఈ శిలల గురించి రాసినా ఈ పేర్లతోనే రాస్తారు. బెలుం గుహలు నార్జి సున్నపురాతిలో ఏర్పడినవి.

ఈ శిలలపై భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్‌ రాసిన సమగ్ర సంపుటి 1872లోనే వెలువడింది. అదే సంస్థలో పనిచేసిన రాబర్ట్‌ బ్రూస్‌ ఫుట్‌ 1884లో బెలుం గుహలను నమోదు చేశారు. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలతో పాటు జిల్లాలోని ఇతర గుహలపై ఆయన రాసిన వ్యాసం అదే ఏడాది సంస్థ రికార్డుల్లో అచ్చయింది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి రూపొందించిన కర్నూలు జిల్లా మాన్యువల్‌ 1886లో వచ్చింది. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 1982-84 మధ్య డేనియల్‌ గెబాయర్‌ నాయకత్వంలో జర్మన్‌ బృందం బెలుం గుహలను శోధించి పటాలు గీసింది. 2002లో గుహలను పర్యాటకులకు తెరిచారు. మొత్తం 3,229 మీటర్ల పొడవున విస్తరించిన ఈ గుహల్లో దాదాపు కిలోమీటరున్నర మేర సందర్శకులు తిరిగేందుకు వీలుంది.

ఇంత సమాచారం ఉన్నా సెల్‌ఫోన్‌లో గుహల పేరు కొడితే ముందుగా వచ్చేవి ప్రవేశ రుసుము, బస వసతి, ఫొటోలే. పర్యాటకుడికి అవి చాలు. నివేదిక రాసే విద్యార్థికి చాలవు. అన్నీ ఫోన్‌లోనే దొరుకుతాయి, ఇక గ్రంథాలయమెందుకన్న వాదన ఇక్కడే తేలిపోతోంది. ఫోన్‌ అడిగినదానికి జవాబిస్తుంది. ఏం అడగాలో నేర్పదు.

ఒకే అంశం.. మూడు బీరువాలు

గ్రంథాలయంలో పుస్తకం దొరకకపోవడానికి తొలి కారణం అది అమర్చిన తీరు తెలియకపోవడం. మన దేశంలో అధిక శాతం కళాశాలలు 1876లో మెల్విల్‌ డ్యూయీ రూపొందించిన దశాంశ వర్గీకరణను అనుసరిస్తున్నాయి. దీని ప్రకారం భౌతికశాస్త్రం 530లో, రసాయనశాస్త్రం 540లో, తెలుగు సాహిత్యం 894.827లో ఉంటాయి. పుస్తకం వెన్నుపై అతికించే చీటీలో కనిపించే అంకె ఇదే.

బెలుం గుహలపై నివేదిక రాసే విద్యార్థి సంగతి చూద్దాం. గుహల ఏర్పాటు గురించిన పుస్తకం భూగర్భ శాస్త్రంలో 551 వద్ద ఉంటుంది. సున్నపురాతి స్వభావం తెలిపేది శిలాశాస్త్రం కింద 552లో ఉంటుంది. గనుల ఆర్థిక వ్యవహారాలు 338.2లో, ఆంధ్రప్రదేశ్‌ చరిత్ర 954.84లో ఉంటాయి. తన అంశం ఒక్కటే అనుకుని వచ్చిన విద్యార్థి ఒక బీరువా ముందు నిలబడి, అక్కడ కనిపించకపోతే లేదనుకుని వెనుదిరుగుతాడు. పక్క వరుసలో తనకు కావాల్సిన రెండు పుస్తకాలున్నట్లు చెప్పాల్సింది గ్రంథపాలకుడే. అంకెల పట్టికను గోడకు అతికించినంత మాత్రాన ఈ పని జరగదు. విద్యార్థి దేని కోసం వచ్చాడో రెండు మాటల్లో అడిగి తెలుసుకున్నప్పుడే జరుగుతుంది.

కంప్యూటర్‌ కేటలాగ్‌ వచ్చిన చోటా ఈ చిక్కు తీరలేదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ వారి సోల్‌, ఉచితంగా లభించే కోహా, జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ఈ-గ్రంథాలయ వంటి సాఫ్ట్‌వేర్లు అందుబాటులో ఉన్నాయి. తెలుగు శీర్షికలను తెలుగు లిపిలోనే నమోదు చేసుకునే వీలూ ఉంది. ఆ వీలును వాడుకోకుండా తెలుగు పుస్తకం పేరును ఇంగ్లిషు అక్షరాల్లో నమోదు చేస్తే ఒక్కో ఉద్యోగి ఒక్కో తీరుగా రాసే అవకాశముంది. అప్పుడు పుస్తకం బీరువాలో ఉన్నా కంప్యూటర్‌ మాత్రం లేదని చెబుతుంది.

అక్షరం మారితే ఆధారం మాయం

పాత ఆధారాల విషయంలో ఇబ్బంది మరో రకంగా ఉంటుంది. కింగ్‌ తన సంపుటి శీర్షికలో కర్నూలు పేరును ఇంగ్లిషులో ‘కె’ తర్వాత ‘ఏ’ వేసి రాశారు. నేడు అక్కడ ‘యు’ రాస్తున్నారు. కడప పేరుకు చివర ‘హెచ్‌’ చేర్చారు. కోవెలకుంట్ల శాస్త్ర గ్రంథాల్లో కోయిల్‌కుంట్లగా ఉంటుంది. అవుకును ఇంగ్లిషులో మూడే అక్షరాలతో రాస్తారు. నేటి వాడుకలోని అక్షరక్రమంతోనే వెతికే విద్యార్థికి ఈ రచనలు కనిపించకపోవచ్చు.

పందొమ్మిదో శతాబ్దపు ఈ గ్రంథాలకు హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌ వంటి ఉచిత భాండాగారాల్లో ఇలాంటి పాత సంపుటాలను పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. ఏ అక్షరక్రమంతో వెతకాలో సూచించే ఒక్క కాగితం గ్రంథాలయ ద్వారం వద్ద ఉంటే మండల విద్యార్థికి తన ఊరి చరిత్ర చేతికి అందుతుంది. ఆ కాగితం తయారుచేయడానికి నిధులు అవసరం లేదు. విషయం తెలిసిన మనిషి, కాస్త తీరిక ఉంటే చాలు.

నివేదికలు తప్పనిసరి.. ఆధారాలు ఎవరిష్టం వారిది

గ్రంథాలయం అవసరం ఇటీవలి కాలంలో పెరిగిందే తప్ప తగ్గలేదు. 2020-21లో రాష్ట్రంలో డిగ్రీ పాఠ్య ప్రణాళికను మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చారు. మొదటి సంవత్సరం తర్వాత సామాజిక సేవా ప్రాజెక్టును పెట్టారు. సొంత గ్రామాన్ని పరిశీలించి నివేదిక సమర్పించడం దీని సారాంశం. కొలిమిగుండ్ల, అవుకు, సంజామల మండలాల నుంచి వెళ్లే విద్యార్థికి ఇంతకన్నా అనువైన అంశాలు మరెక్కడా దొరకవు. నాపరాతి పాలిష్‌ యంత్రాల వద్ద దుమ్ము, గని లోతు పెరిగేకొద్దీ భూగర్భ జలాల తీరు, గుహల పర్యాటకంతో గ్రామానికి ఒనగూరిన ఆదాయం, 2022 సెప్టెంబరులో మండలంలో రామ్‌కో సిమెంటు కర్మాగారం ప్రారంభమయ్యాక వచ్చిన మార్పులు.. ఒక్కోటీ ఒక్కో నివేదికకు సరిపోయే అంశం.

మొన్నటి నివేదికల్లో ఏముంది, ఇతర ప్రాంతాల్లో ఇదే సమస్యను ఎలా అధ్యయనం చేశారన్నది చూపేవారు లేకపోతే విద్యార్థి తేలిక దారి వెతుక్కుంటాడు. జిరాక్స్‌ కేంద్రంలో దొరికే పాత నివేదికకు పేరు మార్చి సమర్పిస్తాడు. అలా పోయేది మార్కులు కాదు. తన ఊరి సమస్యను తాను గుర్తించి, ఆధారంతో చెప్పగల ఒక పౌరుణ్ని ఆ ఊరు పోగొట్టుకుంటుంది.

మాధ్యమం మార్పు మరో మలుపు. 2021-22 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులకు ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేశారు. ఇంటర్‌ వరకు తెలుగులో చదివి వచ్చిన విద్యార్థికి ఇంగ్లిషు పాఠ్యపుస్తకంతో పాటు అదే అంశంపై తెలుగు పుస్తకం, మంచి నిఘంటువు పక్కన ఉండాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి శాస్త్ర గ్రంథాలను దశాబ్దాల పాటు తెలుగులో తెచ్చింది. మాధ్యమం మారిందన్న కారణంతో వాటిని అటకెక్కించడం తగదు. అవసరం తీరిందనుకుంటున్న ఆ పుస్తకాలే నేడు రెండు భాషల మధ్య వంతెనగా నిలుస్తాయి. ఇంగ్లిషు పుస్తకం అడిగిన విద్యార్థి చేతిలో దాని తెలుగు జతను కూడా పెట్టగలిగితే తరగతిలో అర్థంకాని పాఠం ఇంట్లో అర్థమవుతుంది.

తాళం వెనుక భయం

గ్రంథాలయాల్లో పుస్తకాలు బీరువాల్లోనే ఉండిపోతున్నాయన్న విమర్శ పాతదే. దీని వెనుక నిర్లక్ష్యం కంటే భయమే ఎక్కువ. గ్రంథపాలకుడి పోస్టు ఖాళీగా ఉన్న చోట ఒక అధ్యాపకుడికి అదనపు బాధ్యత అప్పగించడం పరిపాటి. ఆయనకు తన తరగతులుంటాయి. అక్సెషన్‌ రిజిస్టరు ప్రకారం పుస్తకాలు లెక్క తేలకపోతే సొమ్ము తన జీతం నుంచి రాబడతారేమోనన్న బెంగ ఉంటుంది. దాంతో ఇష్యూ రిజిస్టరు తెరవడం కంటే తాళం వేయడమే క్షేమమనిపిస్తుంది.

నిబంధనలు ఇంత కఠినంగా లేవు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు-2017లోని 215వ నిబంధన ఈ విషయాన్ని స్పష్టం చేస్తోంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వారు పరిశీలించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడాన్ని సహజ నష్టంగానే పరిగణించవచ్చు. అందులో నిజాయతీ లోపం, నిర్లక్ష్యం ఉండరాదు. రూ.1,000కి పైబడిన పుస్తకం, ధరతో నిమిత్తం లేకుండా అరుదైన గ్రంథం పోతే మాత్రం విచారించాలి. ఇరవై వేల వరకు పుస్తకాలున్న గ్రంథాలయంలో ఏటా పూర్తి తనిఖీ జరగాలి.

ఇవి కేంద్ర సంస్థలకు ఉద్దేశించినవే అయినా వీటిలోని తర్కం గమనించదగినది. నష్టాన్ని లెక్కగట్టింది బీరువాలోని పుస్తకాల సంఖ్యపై కాదు, వాడిన పుస్తకాల సంఖ్యపై. ఎంత ఎక్కువగా ఇస్తే అంత ఎక్కువ మినహాయింపు. ఇవ్వని గ్రంథాలయానికి ఒక్క పుస్తకం పోయినా సమర్థించుకునే ఆధారం ఉండదు. రాష్ట్రంలో కళాశాలల స్థాయిలో ఇలాంటి స్పష్టత ఉత్తర్వు రూపంలో ప్రతి ప్రిన్సిపల్‌ చేతికీ అందితే సగం తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

గడప వరకు వచ్చి ఆగిన సంపద

పుస్తకాల కొరతను తీర్చేందుకు కేంద్రం ఇటీవల పెద్ద అడుగే వేసింది. ‘ఒకే దేశం-ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోని సుమారు 1.8 కోట్ల మందికి అందుబాటులోకి తేవడం లక్ష్యంగా ప్రకటించింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల యాజమాన్యంలోని ఉన్నత విద్యా సంస్థలు దీని పరిధిలోకి వస్తాయి.

అంతకుముందు నుంచీ కళాశాలల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ నిర్వహిస్తున్న ఎన్‌-లిస్ట్‌ ద్వారా లక్షకు పైగా ఈ-పుస్తకాలు, వేల సంఖ్యలో జర్నళ్లు అందుతున్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్‌ రూపొందించిన జాతీయ డిజిటల్‌ గ్రంథాలయాన్ని 2018 జూన్‌ 19న జాతికి అంకితం చేశారు. అందులో ఎవరైనా ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తించాలి. మొదటిది.. ఎన్‌-లిస్ట్‌ వంటి సేవలు విద్యార్థికి నేరుగా రావు. కళాశాల సభ్యత్వం తీసుకుని, విద్యార్థుల వివరాలు నమోదు చేసి, ఒక్కొక్కరికీ లాగిన్‌ ఇప్పించాలి. ఆ పని చేసేవారు లేకపోతే దిల్లీలో మంజూరైన సంపద కళాశాల గడప వద్దే ఆగిపోతుంది. రెండోది.. పరిశోధన జర్నల్‌ డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థికి నేరుగా ఉపయోగపడదు. అతనికి కావాల్సింది పాఠ్యపుస్తకం, ఇంటికి తీసుకెళ్లి నాలుగుసార్లు చదువుకునే ప్రతి. డిజిటల్‌ చందా వచ్చిందన్న పేరుతో అచ్చు పుస్తకాల కొనుగోలును, ఎరువుగా ఇచ్చే పద్ధతిని తగ్గిస్తే నష్టపోయేది సొంతంగా పుస్తకం కొనలేని గని కార్మికుల, రైతు కూలీల పిల్లలే.

ఉద్యమం చెప్పిన పాఠం

పుస్తకాన్ని పాఠకుడి వద్దకు చేర్చడం తెలుగువారికి కొత్త కాదు. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య తదితరుల చొరవతో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం ఏర్పడింది. తర్వాతి కాలంలో కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయం నడిపిన చరిత్ర ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా పనిచేసిన ఎస్‌.ఆర్‌.రంగనాథన్‌ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలను ప్రపంచవ్యాప్తంగా నేటికీ బోధిస్తున్నారు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్నది అందులో మొదటిది. పాఠకుడి సమయం వృథా కానివ్వరాదన్నది నాలుగోది.

1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చేనాటికి కర్నూలు జిల్లా ఆ రాష్ట్రంలో భాగమే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్‌ పౌర గ్రంథాలయాల చట్టం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలుకు వీలు కల్పించింది. అంటే గ్రామ ప్రజలే గ్రంథాలయాలకు పోషకులు. ఆ పన్నుతో నడిచే శాఖా గ్రంథాలయాలకూ, కళాశాల గ్రంథాలయాలకూ మధ్య ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉంటే సెలవుల్లో, పరీక్షల ముందు విద్యార్థి సొంత ఊళ్లోనే పుస్తకం పొందగలుగుతాడు. ఒకరి వద్ద ఏ పుస్తకాలున్నాయో మరొకరికి తెలియాలన్నదే దీనికి తొలి షరతు.

ఖర్చు లేని మార్పులు

గ్రంథపాలకుల ఖాళీలను భర్తీ చేయడం ప్రభుత్వం చేయాల్సిన పని. దానికి ప్రత్యామ్నాయం లేదు. అది జరిగేలోగా కళాశాల స్థాయిలో చేపట్టదగినవి ఎన్నో ఉన్నాయి. ప్రవేశాలు ముగిసిన మొదటి వారంలో ప్రతి తరగతినీ గంటసేపు గ్రంథాలయానికి తీసుకెళ్లి అంకెల పద్ధతి, కార్డు వాడకం, కేటలాగ్‌లో వెతికే తీరు చూపవచ్చు. అదే రోజు ఎన్‌-లిస్ట్‌, జాతీయ డిజిటల్‌ గ్రంథాలయ లాగిన్లు ఇప్పించవచ్చు.

బస్సులో వచ్చి బస్సులో వెళ్లే విద్యార్థికి తరగతుల వేళల్లోనే తెరిచి ఉండే గ్రంథాలయం లేనట్లే. మధ్యాహ్న భోజన విరామంలో, చివరి తరగతి తర్వాత అరగంట పాటు తెరిస్తే పుస్తకం మార్చుకునే వీలుంటుంది. అడిగిన పుస్తకం మరొకరి వద్ద ఉంటే పేరు రాసుకుని, తిరిగి రాగానే కబురు పంపే చిన్న పుస్తకం నిర్వహించవచ్చు. విద్యార్థులు అడిగినా దొరకని పుస్తకాల జాబితాను నెలనెలా రాసి ఉంచితే మరుసటి ఏడాది ఏవి కొనాలో అదే చెబుతుంది.

అన్నింటికన్నా ముఖ్యంగా ప్రతి కళాశాలలో స్థానిక అంశాల అర ఒకటి ఏర్పాటు కావాలి. జిల్లా మాన్యువల్‌, గుహలపై వ్యాసాలు, గనులు, భూగర్భ జలాలపై ప్రభుత్వ నివేదికలు, పూర్వ విద్యార్థుల మంచి ప్రాజెక్టులు అందులో ఉంచాలి. ఏటా పదుల సంఖ్యలో సమర్పించే నివేదికలు మార్కులు వేశాక చెత్తకు పోకుండా ఈ అరలో నిలిస్తే కొన్నేళ్లలో మండలానికి విలువైన సమాచార నిధి సమకూరుతుంది. తర్వాతి బృందం మొదటి మెట్టు నుంచి కాక ముందువారు ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది.

వారం సరే.. మిగతా ఏడాది?

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. వ్యాసరచన, క్విజ్‌ పోటీలు, బహుమతులు.. సందడికి లోటు లేదు. మిగతా యాభై ఒక్క వారాల్లో ఎందరు విద్యార్థులు పుస్తకం ఇంటికి తీసుకెళ్లారన్నదే అసలు లెక్క. విద్యార్థులే రావడం లేదన్న మాట అధ్యాపకుల నుంచి తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. ఒకసారి వచ్చి వట్టిచేతులతో వెళ్లినవారు రెండోసారి రారన్నదీ అంతే నిజం.

తనిఖీకి వచ్చే అధికారులు బీరువాలను కాక ఇష్యూ రిజిస్టరును ముందు అడగడం మొదలుపెడితే పరిస్థితి మారుతుంది. ఎన్ని పుస్తకాలు కొన్నారన్న ప్రశ్నకు బదులు ఎన్ని చేతులు మారాయన్న ప్రశ్న వేయాలి. తన ఊరి రాతి పేరు ప్రపంచ గ్రంథాల్లో ఉందని కొలిమిగుండ్ల విద్యార్థికి తెలియడానికి నూటయాభై ఏళ్లు పట్టాల్సిన అవసరం లేదు. ఆ పుస్తకం తీసి చేతిలో పెట్టే మనిషిని నియమిస్తే చాలు.